నాలుగు తలుపుల ఇల్లు

మొన్న మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. నరసరావుపేట ఎండల్లో పాత ఫ్రిజ్ మూలపడితే ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెచ్చిన కుర్రాళ్ళు అట్టపెట్టె చించి, లోపలి థర్మాకోల్ దిమ్మల్ని ఒకదానికొకటి రాస్తూ బయటికి లాగారు. కిర్రుమంది. ఆ చప్పుడుకు కొందరికి పళ్ళు జివ్వుమంటాయి. నాకు మాత్రం ఉప్పేసి ఉడకబెట్టిన శనక్కాయల రుచి నాలుక మీదికి వచ్చింది.

"ఈ చెత్త పారేసి పోమంటారా అమ్మగారూ?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

"అది చెత్త కాదు నాయనా. అక్కడ పెట్టి వెళ్ళు."

"ఇంట్లో పిల్లలున్నారా, బొమ్మలు చేసుకోడానికి?"

"ఉంది ఒకత్తి," అన్నాను. వాడు లోపలి గదిలోకి తొంగిచూసి, ఎవరూ కనపడక, నా మొహం వంక అనుమానంగా చూసి వెళ్ళిపోయాడు. పాపం, వాడి తప్పేముంది. ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

నేను పెరిగింది విజయపురి సౌత్‌లో, ప్రాజెక్టు వాళ్ళ క్వార్టర్లలో. కృష్ణ మీద డ్యాం కట్టడం నేను పుట్టకముందే అయిపోయింది. కట్టినవాళ్ళు ఒక్కొక్కరే బదిలీల మీద వెళ్ళిపోతున్న రోజులవి. పొద్దున్నే లారీ వస్తుంది. మంచాలు, రోలు, ట్రంకుపెట్టెలు, కోళ్ళగంప అన్నీ ఎక్కుతాయి. మా కాలనీలో ఒక పద్ధతి ఉండేది. వెళ్ళేవాళ్ళ పొయ్యి ఆ పూట వెలగకూడదు. ఆఖరి భోజనం పక్కింటివాళ్ళే పెట్టాలి. మా అమ్మ చేతి దోసకాయ పప్పుకు కాలనీలో పేరుండేది కాబట్టి ఆ భోజనాలు చాలామటుకు మా ఇంట్లోనే జరిగేవి. పొద్దున్నే దోసకాయ పప్పు తాలింపు వాసన వచ్చిందంటే మా వరసలో ఇంకో తలుపుకు తాళం పడబోతోందన్నమాట. తిన్నవాళ్ళందరూ "మళ్ళీ వస్తాం వదినా" అని చేతులు కడుక్కుని లారీ ఎక్కేవాళ్ళు. ఒక్కరూ రాలేదు.

అలా నా ఈడు పిల్లలంతా పప్పన్నాలు తిని వెళ్ళిపోయాక మా వరసలో ఇద్దరం మిగిలాం. నేను, లాంచీ మెకానిక్ గారి అబ్బాయి. వాళ్ళు సాయిబులు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక ఖాళీ క్వార్టరు ఉండేది. దాని వెనక తలుపుకు గడియ ఊడిపోయింది. మా నాన్న డ్రాయింగు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఆ ఆఫీసులో పని తగ్గిపోయి, కాలు విరిగిన డ్రాయింగు బల్ల ఒకటి అవతల పారేస్తుంటే దాన్ని మోయించుకొచ్చి ఆ ఖాళీ క్వార్టర్లో పెట్టించాడు, ఎప్పటికైనా బాగు చేయిద్దామని. ఆ 'ఎప్పటికైనా' రాలేదు. విరిగిన కాలు కింద ఇటుకలు పేర్చి బల్లను మేం ఆక్రమించుకున్నాం.

వాడికి యుద్ధాల పిచ్చి. మా పల్నాడులో పిల్లలకు ఆ పిచ్చి ఎవరూ ఎక్కించక్కర్లేదు. కోడిపందెంతో మొదలై అన్నదమ్ముల్ని మింగిన ఆ పాత యుద్ధం కథ పాలబువ్వతోనే లోపలికి పోతుంది.

"ఏమే, ఆ యుద్ధం మనం మళ్ళీ చేద్దామా? బల్ల మీద," అన్నాడొకరోజు. "చింతపిక్కలు నా సైన్యం. కుంకుడు గింజలు నీయి."

రాజుగా వాడు వాళ్ళ నాన్న ఖాకీ చొక్కా ఇత్తడి బొత్తాం తెచ్చుకున్నాడు. నాకు అమ్మ జాకెట్టు హుక్కు దొరికింది. గవ్వలు వేసి ఎన్ని పడితే అన్ని అగ్గిపుల్లల పొడుగు జరగాలి. కొండ ఎక్కేటప్పుడు అందులో సగమే. ఏరు దాటాలంటే ఒక వంతు ఆగాలి. అన్నిటికంటే పెద్ద షరతు, భూమి మొత్తం పూర్తయ్యాకే యుద్ధం. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, భూమి పుట్టకముందే ఎవరు గెలుస్తారో పందాలు కూడా కాసుకున్నాం.

భూమి చెయ్యడానికి ఎన్ని పనిముట్లు కావాలనుకుంటున్నారు? చాలా తక్కువ. నాన్న పారేసిన ఇనప స్కేలు, గడ్డం గీసుకునే బ్లేడులో సగం ముక్క, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు, ఇసక జల్లెడ. అన్నిటికంటే ముఖ్యమైనది థర్మాకోల్ కోసే తీగ. డ్యాంలో పెట్టే మీటర్లు అప్పట్లో థర్మాకోల్ పెట్టెల్లో వచ్చేవి, వాటి దిమ్మలు గోదాం వెనక గుట్టగా పడుండేవి. బ్లేడుతో కోస్తే అవి పూసలు పూసలుగా రాలిపోయేవి. "కాలే తీగయితే వెన్నలాగా కోసిద్ది," అన్నాడు వాడు. కాలే తీగ ఎక్కడుంది? మా వంటింట్లో ఉంది. కాలనీలో అందరం కరెంటు కాయిల్ పొయ్యిల మీదే వండేవాళ్ళం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు కాయిల్లో జానెడు ముక్క కత్తిరించి, మిగిలిన కొసలు మెలేసి పెట్టాను. వాడు వెదురు బద్దను విల్లులా వంచి ఆ తీగ కట్టి, లాంచీ షెడ్డులోని పాత బ్యాటరీకి తగిలించాడు. తీగ ఎర్రబడింది. దిమ్మలోంచి చప్పుడు లేకుండా దూసుకుపోయింది. చేదు పొగ ఒకటి లేచింది. ఆ పొగ ఒంటికి మంచిది కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు అదే మాకు పండగ వాసన.

కాయిల్ పొట్టిదయ్యేసరికి ఆ పూట పొయ్యి ముందెన్నడూ లేనంతగా కాలి, అన్నం అడుగంటి, ఆ తర్వాత తీగ పుటుక్కున తెగింది. "పొయ్యికేం దెయ్యం పట్టిందే!" అని అమ్మ నా వంక చూసింది. నేను మాడిన అన్నం కిక్కురుమనకుండా తిన్నాను. మామూలుగా అయితే మాడుముక్క చూస్తే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. అమ్మకు అప్పుడే తెలిసిపోయుంటుంది.

మొదటి కొండకు లాంచీ రంగు పూశాం. పూసిన చోటల్లా థర్మాకోల్ ఉప్పులా కరిగి, కొండ మా కళ్ళముందే గొయ్యి అయింది. ఆ తర్వాత సున్నంలో జాజు కలిపి పూశాం. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు పట్టించి గడ్డి చేశాం. అన్నం మెతుకులతో అంటిస్తే చీమలు కొండల్ని మోసుకుపోయాయి. అప్పుడు నాన్న నవ్వి, మైదా పిండి ఉడికించి అందులో చీమలు ముట్టకుండా మైలుతుత్తం చిటికెడు వేసిచ్చాడు. కొండను ఎత్తులు చూపే కాంటూరు గీతల ప్రకారం అట్టలు పేర్చి ఎలా లేపాలో కూడా ఆయనే చూపించాడు. మా నాన్న నాతో అన్ని మాటలు ఆడింది ఆ వేసవిలోనే. ఆఫీసులో ఆయనకూ ఎవరూ మిగల్లేదని తర్వాత తెలిసింది.

ఆ యుద్ధం జరిగింది కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున. మేం మాత్రం కృష్ణను పెట్టాం, మాకు తెలిసిన ఏరు అదొక్కటే కనుక. పగలని కిటికీ అద్దమొకటి తెచ్చి వెనక నీలం రంగు పూసి నీళ్ళు చేశాం. దానికి అడ్డంగా నాపరాయి పెచ్చులతో డ్యాం కట్టాం. అగ్గిపెట్టెల సొరుగులతో గేట్లు. చూసుకుని మురిసిపోయాం.

అప్పుడు వచ్చింది అవ్వ. లాంచీల రేవు దగ్గర ఉడకబెట్టిన శనక్కాయలమ్ముకునే ముసలావిడ. మధ్యాహ్నం ఎండకు ఆగలేక మా ఖాళీ క్వార్టరు వరండాలో కాసేపు నడుం వాల్చేది. ఆ రోజు గంప కిందపెట్టి లోపలికొచ్చి బల్ల చుట్టూ తిరిగింది.

"ఏందిరా ఇది?"

"యుద్ధం అవ్వా. పూర్వం మనోళ్ళు చేశారే, అది."

"మరి ఈ గోడేంది?"

"డ్యాం."

"పూర్వం డ్యాం ఏడుందిరా సన్నాసీ!" అని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "రాజులు గేట్లెత్తి నీళ్ళొదిలారంటనా?"

డ్యాం పిల్లలం మేం. ఆవుకు కొమ్ములున్నట్టు ఏటికి గేట్లుంటాయనే అనుకున్నాం. అవ్వ నవ్వు ఆపి ఆ నీలం అద్దం వంక చూస్తూ ఉండిపోయింది.

"ఇందులో మా ఊరేదిరా?" అంది మెల్లగా.

అవ్వ ఊరు డ్యాం నీళ్ళలో మునిగిన ఊళ్ళలో ఒకటని మాకు అప్పుడే తెలిసింది. వాడు తడుముకోకుండా అద్దం మీద వేలు పెట్టి, "దీని కింద ఉండిద్ది అవ్వా," అన్నాడు.

"అయితే ఎత్తు."

ఎత్తాడు. కింద ఉత్త చెక్క.

"ఏమీ లేదేందిరా!" అంది అవ్వ. ఆ గొంతు నాకింకా వినపడుతుంది.

డ్యాం తీసేశాం. అద్దం గోడకు ఆనించి, ఊరికి చోటు వదిలి నీలం రంగుతో సన్నటి ఏరు గీశాం. మర్నాటినుంచి అవ్వ మధ్యాహ్నమల్లా చెప్పడం, మేం చెయ్యడం. మా కూలి చెరొక దోసెడు శనక్కాయలు. నేను వీధిని స్కేలు పెట్టి గీస్తే, "వీధి అంత తిన్నగా ఏడుందే, ఎద్దు ఉచ్చ పోసినట్టు పోయేది," అని చేత్తో చెరిపేసింది. ఇళ్ళన్నీ నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ కప్పులు. దారపు కండె ముక్క బావి అయింది. వెంపలి పుల్లలకు రంపపు పొట్టు అంటిస్తే చింతచెట్లు అయ్యాయి.

"మావోళ్ళుండేవోళ్ళా అవ్వా?" అనడిగాడు వాడు.

"ఉండకేం? పీర్ల చావిడి కూడా ఉండేది. గుండం తొక్కేది మేమే గదంట్రా."

వాడు ఆ రోజంతా పీర్ల చావిడి చేస్తూ కూర్చున్నాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

మధ్యలో ఒక పిడుగు పడింది. వాళ్ళ నాన్నకు ఇంకో ప్రాజెక్టుకు బదిలీ అవుతుందని లాంచీ షెడ్డులో అనుకుంటున్నారు. "ఈ నెలలోనే ఆర్డరొచ్చిద్దంట. లారీ వచ్చేలోగా యుద్ధం అయిపోవాల," అన్నాడు వాడు. వాడికి అదొక్కటే దిగులు. నా లెక్క వేరు. యుద్ధం మొదలు కాకపోతే వాడు వెళ్ళలేడని నాకో పిచ్చి నమ్మకం. అందుకని రోజూ అవ్వను "ఇంకేం మర్చిపోయాం అవ్వా? ఇంకేం ఉండేది?" అని గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. గడ్డివాములు పెట్టించాను. బండ్లు పెట్టించాను. వాడు పళ్ళు కొరికేవాడు.

"ఇంకొక్క ఇల్లుందే," అంది అవ్వ ఒకనాడు. అది అవ్వ స్నేహితురాలి ఇల్లు. చిన్నప్పటినుంచీ ఇద్దరూ నీళ్ళకు కలిసి వెళ్ళేవాళ్ళు, పత్తి తీతకు కలిసి వెళ్ళేవాళ్ళు. ఊరు ఖాళీ చేయించినప్పుడు ఆమె వాళ్ళని క్రోసూరు వైపెక్కడికో పంపారు. అవ్వ వాళ్ళు ఈ పక్కకు వచ్చారు. మళ్ళీ చూసుకోలేదు. బతికుందో లేదో తెలియదు.

థర్మాకోల్ దిమ్మలోంచి ఇల్లు కోసి చేతిలో పట్టుకుని, "తలుపు ఎటు పక్క?" అన్నాడు వాడు.

"తూరుపు," అంది అవ్వ. "కాదు కాదు. మా గుమ్మంలో నిలబడి కేకేస్తే పలికేది. అంటే... ఉత్తరం పక్క... ఉండరా." బల్ల చుట్టూ తిరిగింది. వంగి చూసింది. తన ఇంటి ముందు వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించింది. తర్వాత నేలమీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఆ ఇంట్లోనే గదంట్రా నేను సగం పెరిగింది. తలుపేడుందో మర్చిపోయినా. ఇంకేం మనిషిని నేను!"

పెద్దవాళ్ళు ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. వాడు మాత్రం బ్లేడు తీసుకుని ఆ ఇంటికి ఒక తలుపు కోశాడు. తిప్పి ఇంకోటి కోశాడు. మళ్ళీ తిప్పాడు.

"నాలుగు పక్కలా పెట్టినా అవ్వా. ఏదో ఒకటి అయ్యిద్దిలే."

అవ్వ కొంగు తీసి చూసి ముక్కు చీదింది. "నాలుగు తలుపుల ఇల్లు ఏడన్నా ఉందంట్రా? దొంగలు పడరూ?"

"దాంట్లో ఏముందని అవ్వా, థర్మాకోలేగా!"

ఊరు పూర్తయింది. నేను అడగడానికి ఇంకేం మిగల్లేదు. మర్నాడు సైన్యాలు దింపాం. కొండమీద నా కుంకుడు గింజలు, ఏటి అవతల వాడి చింతపిక్కలు. మధ్యలో ఊరు. వాడు గవ్వలు గిలకరించి వేశాడు. అన్నీ వెల్లకిలా పడ్డాయి. ఏటి దగ్గర ఒక వంతు ఆగి, చింతపిక్కలు ఏరు దాటి, వీధిలోకి దూరి, అవ్వ ఇంటి గోడ దగ్గరికి వచ్చాయి.

వరండాలో కునుకు తీస్తున్న అవ్వ ఎప్పుడు లేచిందో, వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. "ఏందిరా, మా ఊళ్ళోకి యుద్ధాన్ని తెస్తన్నావా?"

"ఆట అవ్వా!"

"ఆటయినా సరే. నీళ్ళకిచ్చాం గదరా ఊరిని. చాలదా? ఇప్పుడు మీ యుద్ధానికి కూడా ఇయ్యాలా? తియ్యండి!"

వాడికి కోపం ముంచుకొచ్చింది. "మరి ఇంత భూమి ఎందుకు చేసినట్టు? ఈళ్ళందర్నీ ఏం చేసుకోవాల?" అని చింతపిక్కల్ని చేత్తో తోసేశాడు. అవ్వ కిందికి వంగి ఒక పిక్క ఏరింది. చీరకు తుడిచింది. "ఈడు మా ఊరి మునసబు. ఇట్టానే నల్లగా నిగనిగలాడేవాడు," అని పెద్దింటి ముందు పెట్టింది. ఇంకోటి తీసింది. "ఇది మా చిన్నాడబిడ్డ. నోరు మంచిది గాదు, బావికాడ పెట్టు." కాసేపటికి వాడి కోపం పోయింది. "ఈడెవరవ్వా? మరి ఈడు?" అని అందించడం మొదలెట్టాడు. నా కుంకుడు గింజలు గొర్రెలయ్యాయి. సాయంత్రానికి ఇద్దరి సైన్యమూ ఆ ఊళ్ళో కాపురం పెట్టేసింది. నేను లోపల్లోపల ఎంత సంతోషించానో చెప్పలేను. యుద్ధం జరగలేదు. ఇక వాడు వెళ్ళడు.

కొన్నాళ్ళకు, ఒక పొద్దున నిద్ర లేచేసరికి దోసకాయ పప్పు తాలింపు వాసన వచ్చింది. మంచం మీదే పడుకుని ఎవరింటి లారీ అని ఆలోచించాను. ఆలోచించడానికి మా వరసలో ఎన్ని ఇళ్ళున్నాయని!

వాళ్ళంతా మా ఇంట్లో వరసగా కూర్చుని తిన్నారు. వాడు పప్పన్నం కలిపి వదిలేశాడు. "తిను నాయనా, దారిలో ఏమీ దొరకదు," అని వాళ్ళమ్మ అంటుండగానే చెయ్యి కడుక్కుని లేచాడు. నేనూ వెనకే వెళ్ళాను. ఖాళీ క్వార్టర్లో బల్ల దగ్గర నిలబడి జేబులోంచి ఇత్తడి బొత్తాం తీశాడు, వాడి రాజు. నాలుగు తలుపుల ఇంట్లోకి దాన్ని వేలితో నెట్టాడు.

"ఆ ఇంటామె వచ్చిందాకా ఈడు కాపలా ఉంటాడని చెప్పు అవ్వకి."

"మరి యుద్ధం?"

"చేసినా ఓడిపోయేదానివేలే," అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. లారీ హారను మోగింది.

మధ్యాహ్నం అవ్వ వచ్చి, "ఏడే ఇంకోడు?" అంది. చెప్పాను. గంప దించి, దోసిట్లో పట్టినన్ని శనక్కాయలు నా ఒళ్ళో పోసింది. ఇద్దరం బల్ల పక్కన కూర్చుని ఒలుచుకు తిన్నాం. ఏటిమీద గాలి తిరిగి వానలు మొదలయ్యాక అవ్వ కూడా రావడం మానేసింది. ఈపూరు దగ్గర మనవరాలి ఇంటికి తీసుకుపోయారని రేవులో ఎవరో చెప్పారు. ఆ తర్వాత నేను ఆ బల్ల మీద దుమ్ము తుడుస్తూ ఉండేదాన్ని. ఒక్కత్తినే గవ్వలు వేస్తే ఎన్ని పడితే ఏం లాభం?

మా లారీ కూడా వచ్చింది. ఆ పూట పొయ్యి వెలిగించకూడదు. పెట్టడానికి పక్కింటివాళ్ళు లేరు. ఏమీ తినకుండా బయల్దేరి మాచర్ల బస్టాండు దగ్గర ఇడ్లీలు తిన్నాం. అమ్మ ఆకు ముందు కూర్చుని, "అంతమందికి పెట్టాను, నాకొక ముద్ద పెట్టేవాళ్ళు లేకపోయారు," అని కళ్ళు ఒత్తుకుంది. బల్ల లోపలికి వచ్చిన ముందు తలుపుకు ఈలోగా తాళం వేసేశారు, వెనక తలుపులో అది పట్టలేదు. దాని మీది ఊరితో పాటు అక్కడే ఉండిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి వెళ్ళి చూశాను. మా వరస మొత్తం కూలగొట్టేశారు. సర్కారు తుమ్మ మొలిచింది.

ఫ్రిజ్ కుర్రాళ్ళు వెళ్ళాక కూరగాయల కత్తిని గ్యాసు మంటమీద కాల్చి థర్మాకోల్ దిమ్మను కోశాను. అదే చేదు పొగ. మైదా ఉడికించాను. డైనింగు టేబుల్ మీద నేనొక్కదాన్నే తింటాను కాబట్టి ముప్పాతిక భాగం ఎప్పుడూ ఖాళీయే. అక్కడ మా క్వార్టర్ల వరస మొదలుపెట్టాను. ముందు మా ఇల్లు. తలుపు రోడ్డు వైపు, వంటింటి కిటికీ ఏటి వైపు. పక్కన ఖాళీ క్వార్టరు, దానికి గడియలేని వెనక తలుపు. ఆ పక్కన వాడి ఇల్లు.

వాడి ఇల్లు మూలది. మూల ఇళ్ళకు తలుపు రోడ్డు వైపు కాకుండా వేరే వైపు ఉండేదని గుర్తు. కుడి పక్కా? వెనకా? రోజుకు పదిసార్లు వెళ్ళి "ఒరేయ్" అని కేకేసిన గుమ్మం. కళ్ళు మూసుకుని మా వరండాలోంచి నడిచి చూశాను. కేక వినపడింది, "వస్తన్నానే!" అన్న జవాబూ వినపడింది. వాడు ఎటునుంచి బయటికి వచ్చేవాడో కనపడలేదు. అమ్మ ఉంటే చెప్పేది. నాన్న ఉంటే కాగితం మీద గీసి చూపించేవాడు. అవ్వ మర్చిపోయినప్పుడు పక్కన మేమిద్దరం ఉన్నాం. నేను ఎవరినడగను?

పొద్దుపోయేదాకా ఆ ఇంటిని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత లేచి కత్తిని మళ్ళీ కాల్చి, వాడి ఇంటికి నాలుగు వైపులా తలుపులు కోశాను.